మెట్టుగూడకు నది ఎటువైపు

మా మేనత్త మెట్టుగూడలోని మా ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున్న, కాఫీ గ్లాసు ఇంకా చేతిలోకి తీసుకోకుండానే, "ఈ ఊళ్ళో ఏరు ఎటేపు ఉందే?" అని అడిగింది.

నేను పొయ్యి దగ్గర నిలబడి ఆలోచనలో పడ్డాను. పెళ్ళయి సికింద్రాబాద్ వచ్చి చాలా ఏళ్ళే అయింది. ఏ బస్సు ఏ స్టాపులో ఖాళీ అవుతుందో తెలుసు. ఏ బేకరీలో ఉస్మానియా బిస్కెట్లు మధ్యాహ్నం వేడివేడిగా దిగుతాయో తెలుసు. నది ఎటువైపు ఉందో మాత్రం తెలియదు. ఆ సంగతి తెలుసుకోవాలని కూడా నాకెప్పుడూ అనిపించలేదు.

"ఎందుకత్తా?" అన్నాను.

"రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. కాళ్ళు ఎటు చాపుకోవాలో తెలీలేదు."

ఆ మాట రాజమండ్రి వాళ్ళకి చెబితే వెంటనే అర్థమవుతుంది. మాకు పడమర అనేది బళ్ళో పరీక్ష రాయడానికి పనికొచ్చిన మాట. ఇంట్లో అయితే గోదారి వైపు, ఊరి వైపు, అంతే. బీరువా గోదారి వైపు గోడకి ఉంటుంది. పొయ్యి ఊరి వైపు ఉంటుంది. ఒకసారి మా అత్త పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి, గోదారి వైపు దవడ పన్ను లాగుతోందని చెప్పింది. ఆయనదీ ఆ ఊరే కాబట్టి కుర్చీ ఎటు తిరిగి ఉందో ఒకసారి చూసుకుని సరైన పన్నే పీకాడు. నది వైపు కాళ్ళు పెట్టి పడుకోవడం అనేది మాత్రం మా ఇళ్ళలో లేదు. పెద్దవాళ్ళ ముఖం వైపు కాళ్ళు చాపినట్టు ఉంటుంది మాకు.

అత్త వచ్చింది మోకాలి కోసం. భర్త పోయాక ఒక్కతే జాకెట్లు కుట్టే కొట్టు పెట్టి, నాలుగు మిషన్లు నడిపిన మనిషి. అన్నేళ్ళు పెడలు తొక్కిన కుడి మోకాలు ఇక తొక్కనని మొరాయించింది. తార్నాకలో ఒక డాక్టరు మంచివాడని ఎవరో చెబితే, వ్యాయామం చేయించుకుంటూ కొన్నాళ్ళు మా దగ్గర ఉండడానికి వచ్చింది. మోకాలి సంగతి డాక్టరు చూసుకుంటాడని దాన్ని ఆయనకే వదిలేసింది. తను నది సంగతి పట్టుకుంది.

మా ఆయన స్నానం చేసి వచ్చేసరికి ఆయన్నీ అడిగింది. ఆయన రైల్వే ఆఫీసులో పనిచేస్తారు, దేనికైనా జవాబు సిద్ధంగా ఉంటుంది.

"మూసీ కదండీ. అది సిటీలో ఉంటుంది."

"మరి ఇది సిటీ కాదా?"

ఆయన తల తుడుచుకోవడం ఆపారు. "ఇది సికింద్రాబాద్ అండీ," అన్నారు.

ఆయన తప్పేం చెప్పలేదు. మా వీధిలో అందరూ అలాగే అంటారు. చార్మినార్ వైపు వెళ్ళాలంటే సిటీకి పోతున్నాం అంటారు, అక్కడికేదో మేం పొలాల్లో ఉంటున్నట్టు. రెండు ఊళ్ళూ ఎప్పుడో ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, మధ్యలో ఎక్కడా సందు లేదు. అయినా మాటల్లో మాత్రం ఇంకా ఎవరి ఊరు వాళ్ళదే. సాగర్ చెరువుకి ఇవతలిది మాది, నది వాళ్ళది.

ఈ సంగతి అత్తకు వివరంగా చెప్పింది మా ఇంటి యజమానురాలు. మేము ముందు వాటాలో ఉంటాం, ఆవిడ వెనక వాటాలో. సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. తాతల నాడు గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం, ఆవిడ మాత్రం పుట్టిందీ పెరిగిందీ సికింద్రాబాద్‌లోనే. నేను టీచర్ అనే పిలుస్తాను. వీధి మొత్తానికీ ఆవిడ టీచరే.

"మేము లష్కరోళ్ళం," అన్నారు టీచర్ అత్తతో, గేటు దగ్గర నిలబడి. ఇక్కడి పాతవాళ్ళు సికింద్రాబాద్‌ని ఇప్పటికీ లష్కర్ అనే అంటారు. "మాకు నది లేదు. ఎప్పుడన్న బస్సుల పోతుంటే మూసీ వస్తది, ముక్కుకు కర్చీఫ్ పెట్టుకుంటం, అది పోతది. గంతే."

"నది లేకుండా ఊరు ఎలా కట్టారండీ?" అంది అత్త.

"మిలిటరీ వాళ్ళు కట్టిన్రు. వాళ్ళకేం తెలుసు," అన్నారు టీచర్.

మొదట్లో వాళ్ళిద్దరికీ అంతగా పడలేదు. కారణం నీళ్ళు. మా వీధికి రోజు విడిచి రోజు తెల్లవారుతుండగా నల్లా వస్తుంది. అంటే కుళాయి నీళ్ళు వస్తాయని. ఆ వేళకి వీధంతా లేచి మోటార్లు వేసుకుంటుంది, ఒకరి మోటారు ఇంకొకరి నీళ్ళు లాగేస్తోందని చిన్న చిన్న గొడవలు కూడా అవుతాయి. అత్త ఆ నీళ్ళతో వాకిలి మొత్తం కడిగేది. టీచర్ కిటికీలోంచి చూసి ఏమీ అనేవారు కాదు, దగ్గేవారు. ఆ దగ్గు అర్థం నాకు తెలుసు, అత్తకు తెలియదు.

ఒకరోజు అత్త కుళాయి కింద దోసిలి పట్టి రెండు గుక్కలు తాగి, కాసేపు నోట్లోనే ఉంచుకుని, "ఇది కృష్ణ," అంది.

దగ్గడానికి సిద్ధంగా ఉన్న టీచర్ బయటికే వచ్చేశారు. "కృష్ణ కాదు. మంజీరా. మా నాయన ఉన్నప్పటి నుంచి మాకు మంజీరానే వస్తది."

"నేను విజయవాడలో మా ఆడపడుచు ఇంట్లో ఏడాది ఉన్నానండీ. కృష్ణ నీళ్ళు నాకు తెలీవా?"

"నేను పుట్టినప్పటి నుంచి గివే తాగుతున్న. నాకు తెల్వదా?"

ఇది నిజంగానే ఈ ఊరి వింత. ఇక్కడి నదిలో నీళ్ళు ఎవరూ తాగరు. తాగే నీళ్ళన్నీ ఎక్కడెక్కడి నుంచో గొట్టాల్లో వస్తాయి. ఒక పేటకి మంజీరా, ఒక పేటకి కృష్ణ, ఈ మధ్య కొన్ని వైపులకి గోదావరి. ఇళ్ళు అద్దెకి వెతికేటప్పుడు కూడా, ఏ నీళ్ళండీ అని అడిగేవాళ్ళున్నారు. గోదావరి ఇక్కడిదాకా వస్తోందని వినగానే అత్త కళ్ళు పెద్దవయ్యాయి. గొట్టంలోనా అని రెండుసార్లు అడిగింది. తన ఊరి మనిషి పక్క వీధిలో ఉంటూ కబురైనా చెయ్యనట్టు కొంచెం నొచ్చుకుంది కూడా.

తగువు తేల్చమని వాల్వు తిప్పే ఆయన్ని పట్టుకున్నారు ఇద్దరూ. ఆయన పొడవాటి ఇనప కడ్డీ భుజాన పెట్టుకుని వీధి మలుపు దగ్గరికి వచ్చాడు.

"ఏ నదో నాకేం తెలుసమ్మా," అన్నాడు. "తిప్పితే వస్తయ్, బంద్ చేస్తే పోతయ్. జెర జరగండి."

ఆ జవాబుతో ఇద్దరూ ఓడిపోయారు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. ఆ రోజు నుంచి టీచర్ దగ్గడం మానేసి, "ఏమమ్మా, వాకిలి రేపు కడుగుదురు గాని," అని నేరుగా చెప్పడం మొదలుపెట్టారు. అత్త కూడా వినేది. కొన్నాళ్ళకి టీచర్ వాళ్ళ అమ్మగారి పాత చేతి మిషను అటక మీద నుంచి దించారు. చేత్తో తిప్పేది కాబట్టి మోకాలితో పనిలేదు. అత్త దానికి నూనె పోసి, వరండాలో పెట్టుకుని, ముందు టీచర్ దిండు గలీబులు కుట్టింది, తర్వాత జాకెట్లు.

కాళ్ళ సమస్య మాత్రం అలాగే ఉంది. ఒక వారం తల తూర్పుకి, ఒక వారం దక్షిణానికి. పొద్దున్నే లేచి మెడ పట్టేసిందనేది. టీచర్ ఊరుకోకుండా, "మన గేటు కిందికెళ్ళే పోతది కదా పైపు లైను. దాని దిక్కు పెట్టొచ్చునా కాళ్ళు?" అన్నారు ఒకరోజు నవ్వుతూ. అత్త నవ్వలేదు. ఆ రాత్రి మంచం గేటుకి అడ్డంగా తిప్పించింది.

నది జాడ తెలిసింది వానల్లో.

జాకెట్లకి లైనింగు గుడ్డ, హుక్కులు కావాలని అత్త, నేను రాంగోపాల్‌పేట్ వెళ్ళాం. అక్కడ ఒక పాత లేసుల కొట్టు ఉంది. కొట్టాయన గుజరాతీ మనిషి, తెలుగు మాత్రం అచ్చం ఇక్కడిదే. అత్త హుక్కులు ఒక్కొక్కటీ గోటితో వంచి చూస్తుంటే ఆయన ఓపిగ్గా నిలబడ్డాడు. అంతలో ఆకాశం నల్లబడింది. నేను ఆటో మాట్లాడదామనుకుని గుమ్మం దాకా వెళ్ళేసరికి వీధి కనపడలేదు, వాన ఒక్కటే కనపడింది.

ఈ ఊరి వాన గోదావరి జిల్లాల వాన లాంటిది కాదు. అక్కడ వాన రోజులు రోజులు కురుస్తుంది, దాంతోపాటు వంట, చాకలి పద్దు, పెళ్ళిచూపులు అన్నీ జరిగిపోతుంటాయి. ఇక్కడ ఒక గంటలో అంతా కుమ్మరించి వెళ్ళిపోతుంది. ఆ గంటలో వీధి వాగవుతుంది. కొట్టాయన ఇదంతా ఎన్నోసార్లు చూసినవాడిలా కింది అరల్లోని తాన్లు పైకి సర్దేసి, "అమ్మా, మీరు సుత పైకెక్కండి," అని మమ్మల్ని చెక్క బల్ల మీద కూర్చోబెట్టాడు. నీళ్ళు గడప దాటి లోపలికి వచ్చాయి. ముందు ఒక చెప్పు వెళ్ళింది, తర్వాత ఒక కొబ్బరికాయ, తర్వాత ఎవరిదో ఎర్ర ప్లాస్టిక్ మగ్గు గింగిరాలు తిరుగుతూ వెళ్ళింది.

నేను కాళ్ళు ముడుచుకుని గోడకి ఆనుకున్నాను. అత్త బల్ల అంచున కాళ్ళు వేలాడేసుకుని వీధిలోకి తొంగి చూస్తోంది.

"చూడవే, మగ్గు ఎటు పోయింది?"

"అటు పోయింది అత్తా. నువ్వు కాళ్ళు పైకి పెట్టుకో."

"చెప్పూ అటే పోయింది. కొబ్బరికాయా అటే. అయితే ఏరు అటే ఉంది," అంది. తర్వాత కొట్టాయన వైపు తిరిగి, "అంతేనా బాబూ?" అని అడిగింది.

ఆయన చీపురు పట్టుకుని నీళ్ళు బయటికి తోస్తున్నాడు. "గటు సాగర్ ఉంటదమ్మా. గీ నీళ్ళన్ని సాగర్‌ల పోతయ్. సాగర్ నిండితే నాలా, నాలా పోయి మూసీల కలుస్తది. వాన షురూ అయితే మాకు గిదే తక్లీఫ్."

"తక్లీఫ్ నిజమేలే నాయనా. కానీ దారి తెలిసింది కదా," అంది అత్త.

ఆయనకు అర్థం కాలేదు. అయినా పక్క హోటలు నుంచి, కొట్లో కుర్రాణ్ణి మోకాలి లోతు నీళ్ళలో నడిపించి మరీ చాయ్ తెప్పించాడు. బల్ల మీద కూర్చుని, కింద వీధి పారుతుంటే చాయ్ తాగాం. వాన ఆగిన కాసేపటికి నీళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయాయి. అందరూ ఎవరి గుమ్మం వాళ్ళు కడుక్కున్నారు. ఆటోవాళ్ళెవరూ రామంటే, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పెద్ద రోడ్డు దాకా నడిచాం. డాక్టరు చేయించే వ్యాయామం కన్నా ఇదే బాగుందని అత్త అంది. మర్నాడు మోకాలు గుమ్మడికాయలా వాచింది, అది వేరే సంగతి.

వాపు తగ్గేలోగా నేను ఫోన్‌లో మ్యాపు తీసి చూశాను. ఆశ్చర్యం ఏమిటంటే, మూసీ కోసం సిటీకి వెళ్ళనక్కరలేదు. అది నగరం మధ్యలోంచి వంపులు తిరుగుతూ వచ్చి మా వైపే సాగుతోంది. మెట్టుగూడలో మెట్రో ఎక్కి చివరి స్టేషన్ నాగోల్‌లో దిగితే, కాస్త నడకలో వంతెన ఉంది. మా ఇంటి ముందు నుంచి రోజూ పోయే రైలు నది దాకా వెళ్ళి ఆగుతోందన్నమాట. ఇన్నేళ్ళలో నేను ఆ రైలు ఎన్నిసార్లు ఎక్కానో. ఎప్పుడూ ఉప్పల్ దాకా వెళ్ళి దిగిపోయేదాన్ని.

ఈ మాట చెబితే టీచర్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని మ్యాపు చూశారు. "నా సర్వీసంతా నదుల పాఠం చెప్పిన బేటా. బోర్డు మీద మూసీ గీసి, పోరగాళ్ళతోటి గీయించి మార్కులేసిన. ఒక్కసారి సుత నిలబడి చూడలే." తర్వాత అత్త వైపు తిరిగి, "ఆదివారం చర్చి అయినంక పోదాం. నేను సుత వస్త," అన్నారు.

ఆదివారం టీచర్ చర్చికి కట్టుకున్న తెల్ల పట్టు చీరతోనే వచ్చారు, చేతిలో బైబిలు సంచి. అత్త సంచిలో పసుపు, కుంకుమ, రెండు చామంతులు. నేను నీళ్ళ సీసా, గొడుగు పట్టుకున్నాను. కదిలే మెట్లంటే అత్తకి భయం. టీచర్ ముందు ఎక్కి, వెనక్కి తిరిగి చెయ్యి చాపి, "గిట్ల రండి, కిందికి చూడొద్దు," అంటూ క్లాసులో చెప్పినట్టే చెప్పి ఎక్కించారు.

నాగోల్‌లో దిగి నడుస్తుంటే నది కన్నా ముందు దాని వాసన ఎదురొచ్చింది. టీచర్ చెయ్యి దానంతట అదే కర్చీఫ్ దగ్గరికి వెళ్ళింది. అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వంతెన మీద వాహనాలు ఆగకుండా పోతున్నాయి. పక్కన మనిషి కన్నా ఎత్తుగా ఇనప జాలీ, దాని నిండా ఎవరో విసిరితే చిక్కుకున్న ప్లాస్టిక్ కవర్లు. జాలీ అవతల, కింద, మూసీ.

నీళ్ళు నల్లగా ఉన్నాయి. అక్కడక్కడ తెల్లటి నురగ కుప్పలు సబ్బు నీళ్ళలోలా తేలుతూ పోతున్నాయి. కానీ రెండు గట్లూ పచ్చగా ఉన్నాయి, కళ్ళు జిగేలుమనేంత పచ్చగా. ఎత్తుగా పెరిగిన గడ్డి, గడ్డిలో తెల్ల కొంగలు. ఊరి మధ్యలో అంత పచ్చదనం నేను అనుకోలేదు.

అత్త జాలీకి ముఖం ఆనించి కిందికి చూసింది. తర్వాత ముక్కుకు అడ్డం ఉన్న కొంగు తీసేసింది.

"ఏమైందత్తా?"

"ఎదురుగా నిలబడి ముక్కు మూసుకుంటే బాగోదే. ఒంట్లో బాగోలేని మనిషిని చూడ్డానికి వెళ్ళి అలా చేస్తామా?"

టీచర్ అది విన్నారు. కర్చీఫ్ మడిచి సంచిలో పెట్టుకున్నారు. నేనూ గట్టిగా ఊపిరి పీల్చుకుని, వెంటనే పీల్చకుండా ఉండాల్సింది అనుకున్నాను.

వంతెన చివర ఒక ఆవిడ గడ్డి మోపుల పక్కన కూర్చుని ఉంది. గట్టు మీద కోసిన గడ్డిని పాల డెయిరీల వాళ్ళకి అమ్ముతుందట. మేము ముగ్గురం జాలీ పట్టుకుని నిలబడడం చూసి వింతగా అనిపించినట్టుంది.

"ఏం జూస్తున్నరమ్మా? ఏమన్న పడిపోయిందా?"

"లేదమ్మా, నదిని చూడ్డానికి వచ్చాం," అంది అత్త.

"ఏ నది?"

"ఇదే."

ఆవిడ వంతెన కిందికి చూసి, మా వైపు చూసింది. "ఇది మూసీ గదా," అంది.

టీచర్ నవ్వు ఆపుకోలేకపోయారు. అత్త మాత్రం ఆవిడ పక్కనే గడ్డి మోపు మీద కూర్చుంది. మోకాలు నొప్పి పుడుతోందో, మాట కలపాలనో. ఇది ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది అని అడిగింది. ఎక్కడి నుంచో తనకు తెలియదని, ఎక్కడికో మాత్రం తెలుసని ఆవిడ చెప్పింది.

"మా తల్లిగారిది వలిగొండ దిక్కు. మా ఊరు పొంటి గిదే మూసీ పోతది. చిన్నగున్నప్పుడు గందులనే ఈత గొడ్తుంటిమి. అటు పోయి కృష్ణల కలుస్తదంట."

"కృష్ణలోనా?"

"ఆ. కృష్ణలనే."

అత్త మా వైపు తిరిగింది. "చూశారా టీచరుగారూ. వేరే ఊరి నది అన్నారు. ఇది మనూరి వైపే పోతోంది." గోదావరి ఒకటి, కృష్ణ ఇంకొకటి అని నేను గుర్తు చేయబోయాను. సముద్రం దగ్గర అంతా మన వైపే అని కొట్టిపారేసింది.

పసుపు, కుంకుమ జాలీ లోంచి చల్లింది. చామంతులు వేసింది. తర్వాత కొంగు ముడిలోంచి ఒక రూపాయి బిళ్ళ తీసి విసిరింది. అది జాలీకి తగిలి, ఖణేల్మని వెనక్కి వచ్చి రోడ్డు మీద దొర్లింది. మళ్ళీ విసిరింది, మళ్ళీ వెనక్కే. టీచర్ సంచి నా చేతికిచ్చి, జాలీ పొడవునా నడుచుకుంటూ వెళ్ళి, ఒకచోట తీగ తెగి చెయ్యి పట్టేంత కంత ఉంటే పిలిచారు.

"గిక్కడ రండి. గిందులకెళ్ళి పోతది."

అత్త అందులోంచి వేసింది. ఈసారి పడింది. చప్పుడు వినపడలేదు, వెనక లారీ హారను మాత్రం వినపడింది. అత్త వెనక్కి జరిగితే, టీచర్ అక్కడే నిలబడి తన పర్సు తెరిచారు.

"మా అమ్మ గుంటూరు పోయేటప్పుడు కృష్ణ బ్రిడ్జి మీద వేస్తుండే," అన్నారు, మా వైపు చూడకుండా. "మా నాయన పేపర్ చదువుతున్నట్టు కూర్చుంటుండే. చర్చిల ఎవ్వరికీ చెప్పలే." అని ఒక బిళ్ళ కంతలోంచి వదిలి, వేళ్ళు చీర చెంగుకి తుడుచుకున్నారు.

గడ్డి ఆవిడ ఇదంతా చూసి, "మంచిగైందా?" అని అడిగింది. మంచిగైందని అత్త చెప్పింది.

తిరుగు ప్రయాణంలో ఉప్పల్‌లో దిగి మిరపకాయ బజ్జీలు తిన్నాం. ఇల్లు చేరగానే అత్త చెప్పులు విప్పకుండానే గదిలోకి వెళ్ళి, నాగోల్ ఎటుంది, రాంగోపాల్‌పేట్ ఎటుంది అని వేలు చూపిస్తూ లెక్క వేసి, మంచం ఒక మూలకి జరిపించింది. ఆ మూలలో మంచం ఉంటే బీరువా తలుపు సగమే తెరుచుకుంటుంది. మా ఆయన పంట్లాములు పక్కకి వాలి తీసుకోవలసి వచ్చేది. ఆయన ఒకసారి ఆ మాట ఎత్తారు గాని, అత్త రాత్రంతా హాయిగా నిద్రపోతోందని చెబితే ఊరుకున్నారు. నిజంగానే ఆమెకి ఆ తర్వాత మెడ పట్టేయలేదు.

మాకు మాత్రం కొత్త అలవాటొకటి వచ్చింది. మెట్రోలో వెళ్తూ ఏ వంతెన వచ్చినా, ఏ నాలా వచ్చినా, ఇది ఎటు పోతోంది అని కిటికీలోంచి చూడడం. మా ఆయన కూడా ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చి, మెట్టుగూడలో పడిన వాన చుక్క ఎన్ని మలుపులు తిరిగి నదిలో కలుస్తుందో కాయితం మీద గీసి చూపించారు. ఎవరూ అడగలేదు.

వానలు తగ్గి, మోకాలు కుదుటపడి, అత్త బయల్దేరే రోజు వచ్చింది. అప్పుడు టీచర్ తనూ వస్తానన్నారు. ఆ మాట ఎలా కుదిరిందో నాకు తెలియదు, వరండాలో మిషను దగ్గర అనుకుని ఉంటారు. స్కూలు పిల్లలకి గోదావరి పాఠం చెప్పిన మనిషి గోదావరి చూడకపోవడం ఏమిటని అత్త పట్టుబట్టిందట. ఇద్దరినీ సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలెక్కించాను. రైలు కదిలేదాకా ఇద్దరూ కిటికీ పక్క సీటు గురించి మర్యాదగా, మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని వాదించుకున్నారు.

రెండు రోజులకి టీచర్ ఫోన్ చేశారు. "బేటా, గింత పెద్దగుంటదని ఎవ్వరు చెప్పలే. అవతలి గట్టు సరిగ కనపడ్తలేదు. మీ అత్త పొద్దున్నే లేపి తీసుకపోతున్నది. గీడ నది కాడనే అందరి ముచ్చట్లు. ఎవరి కోడలు ఏమన్నదో నాకు సుత తెలిసిపోయింది." వెనక నుంచి అత్త గొంతు ఏదో సరిదిద్దుతోంది. "ఒక్కటే పరేషాన్. మంచి ఇరానీ చాయ్ దొరుకుతలేదు."

వారంలో వస్తానన్న మనిషి నెల దాటాక వచ్చారు. స్టేషన్‌కి వెళ్ళాను. ఎండకి నల్లబడ్డారు, చేతిలో మామిడి తాండ్ర, పూతరేకుల డబ్బాలు. బయటికి వచ్చి ఆటో ఎక్కాం. దారంతా అక్కడి సంగతులే చెబుతున్నారు. ఏ రేవు దగ్గర ఏ వేళకి నీడ ఉంటుందో, పడవవాళ్ళు ఏమని పిలుచుకుంటారో, అత్త కొట్టులో కూర్చుని తను ఎన్ని హుక్కులు కుట్టారో. వింటుంటే ఏదో తేడాగా అనిపించింది. ప్రతి మాట చివరా అండి వస్తోంది. "వెళ్ళామండి", "తిన్నామండి". నన్ను కూడా రెండుసార్లు అండి అన్నారు, పుట్టినప్పటి నుంచి లష్కర్ మాట తప్ప వేరే మాట్లాడని మనిషి.

ఆటో డ్రైవరు అద్దంలోంచి ఆవిడ వైపు చూశాడు. "ఎక్కడ దిగుతరమ్మా? మీది ఆంధ్రానా?"

టీచర్ చీర కొంగు సర్దుకున్నారు.

"మాది మెట్టుగూడేనండి," అన్నారు.